అమెరికా ఇన్సూరెన్స్ సీఈఓ హత్య: జనం ఎందుకలా స్పందించారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఒక హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ సీఈఓని కాల్చి చంపితే అంతమంది అమెరికన్లు సంబరపడటం ఏమిటి? డాలస్‌లో ఉంటున్న మా అక్క ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు, తను కూడా "వాళ్ళకి అలాగే కావాలి" అంది. అక్కడి ఇన్సూరెన్స్ నిజంగా అంత ఘోరమా, లేక ఇదంతా సోషల్ మీడియా హడావుడా?

ముందు సూటిగా చెప్పేస్తాను. కోపం నిజం. దానికి లెక్కలతో సహా ఆధారాలున్నాయి. హత్యని సమర్థించినవాళ్ళు మాత్రం తక్కువమందే. ఈ రెండిటినీ కలిపేసి చూపించడం వల్ల అమెరికా అంతా చప్పట్లు కొట్టినట్టు మనకి అనిపించింది. మీ అక్కగారి కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది. ఆ మాటని మాత్రం నేను ఒప్పుకోను. రెండిటికీ కారణాలు రాస్తాను, కాస్త పెద్దదవుతుంది.

నేను హైదరాబాద్‌లో యూఎస్ హెల్త్‌కేర్ ప్రాసెస్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఏఆర్ కాలర్‌గా, అంటే రావాల్సిన బిల్లుల డబ్బు కోసం ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్లు చేసే ఉద్యోగిగా మొదలుపెట్టి, తర్వాత డినయల్స్, అప్పీల్స్ టీమ్‌కి, అంటే కాదన్న క్లెయిముల మీద పోట్లాడే టీమ్‌కి వచ్చాను. అమెరికాలో డాక్టరు వైద్యం చేసి క్లెయిమ్ పంపిస్తే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బివ్వనంటుంది. ఎందుకివ్వరో ఫోన్ చేసి కనుక్కునే పనిలో హైదరాబాద్, చెన్నైలాంటి ఊళ్ళలో నైట్ షిఫ్టులు చేసే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే ఈ వార్త వచ్చినప్పుడు మా ఫ్లోర్ మీద ఎవరికీ "ఇన్సూరెన్స్ అంటే అంత కోపం ఎందుకు" అనే సందేహం రాలేదు. అందరం టెన్షన్ పడింది ఆ తర్వాత వచ్చిన కామెంట్లు చూసి.

జరిగింది గుర్తులేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2024 డిసెంబర్ 4 ఉదయం మాన్‌హాటన్‌లోని హిల్టన్ హోటల్ బయట యునైటెడ్‌హెల్త్‌కేర్ సీఈఓ బ్రయాన్ థాంప్సన్‌ని వెనకనుంచి కాల్చి చంపారు. ఇన్వెస్టర్ల మీటింగ్‌కి వెళ్తున్నాడు. వయసు 50, ఇద్దరు కొడుకులు. అక్కడ దొరికిన తూటాల మీద మూడు ఇంగ్లీషు మాటలు రాసి ఉన్నాయి. వాటిలో రెండు, 'ఆలస్యం చెయ్యి', 'కాదను' అన్న అర్థం వచ్చేవి, క్లెయిములు ఎగ్గొట్టే పద్ధతిని తిట్టడానికి అమెరికాలో ఎప్పట్నుంచో వాడే మాటలే. డిసెంబర్ 9న పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో, ఒక మెక్‌డొనాల్డ్స్‌లో, 26 ఏళ్ళ లుయీజీ మాంజియోనీని అరెస్టు చేశారు. తను నిర్దోషినని కోర్టులో చెప్పాడు. న్యూయార్క్ రాష్ట్ర కేసులో పెట్టిన టెర్రరిజం అభియోగాలని జడ్జి 2025 సెప్టెంబర్‌లో కొట్టేశారు, హత్య అభియోగం అలాగే ఉంది. నేరం ఎవరు చేశారన్నది తేల్చేది కోర్టు, కాబట్టి దాని జోలికి నేను పోను.

ఇక జనం స్పందన. మాతృసంస్థ యునైటెడ్‌హెల్త్ గ్రూప్ ఫేస్‌బుక్‌లో సంతాపం పోస్టు పెడితే దాని కింద వేల సంఖ్యలో నవ్వుతున్న ఎమోజీలు పడ్డాయి. "సంతాపం తెలపాలంటే ముందుగా ఆథరైజేషన్ తీసుకోవాలి" లాంటి కామెంట్లు ఎక్కడ చూసినా అవే. వైద్యానికి ముందే ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి తీసుకోవాలనే రూలు మీద జోకు అది. న్యూయార్క్‌లో, హంతకుడు ఇంకా దొరక్కముందే, అతనిలా కనిపించేవాళ్ళ పోటీ పెట్టారు. టీషర్టులు అమ్మారు. అరెస్టయ్యాక అతని లాయర్ల ఖర్చుకని పెట్టిన ఆన్‌లైన్ నిధికి 2025 మే నాటికి పది లక్షల డాలర్లు దాటాయి.

ఇది చూస్తే ఎవరికైనా దేశమంతా ఒకవైపే ఉందనిపిస్తుంది. కానీ హత్య జరిగిన నెలలోనే ఎమర్సన్ కాలేజీ చేసిన సర్వేలో 68 శాతం మంది ఈ హత్య ఆమోదయోగ్యం కాదన్నారు, ఆమోదయోగ్యమే అన్నది 17 శాతం. అయితే 18 నుంచి 29 ఏళ్ళ వయసువాళ్ళలో మాత్రం 41 శాతం ఆమోదయోగ్యమే అన్నారు, కాదన్నది 40 శాతం. ఆన్‌లైన్‌లో ఎక్కువగా రాసేది ఏ వయసువాళ్ళో మీకు తెలుసు. మనం ఫోన్‌లో చూసింది వాళ్ళని.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన సర్వే ఇంకొకటి ఉంది. యూనివర్సిటీ ఆఫ్ షికాగోకి చెందిన ఎన్‌ఓఆర్‌సీ అనే సర్వే సంస్థ అడిగిన ప్రశ్న వేరు: ఈ చావుకి బాధ్యత ఎవరిది? పదిమందిలో సుమారు ఎనిమిది మంది చంపినవాడికి బాధ్యత ఉందన్నారు. అదే సమయంలో పదిమందిలో సుమారు ఏడుగురు క్లెయిములు కాదనడానికీ, కంపెనీల లాభాలకీ కూడా ఎంతోకొంత బాధ్యత ఉందన్నారు. అంటే ఒకే మనిషి రెండూ అంటున్నాడు: హత్య తప్పు, మీరూ తక్కువ తినలేదు. మీ అక్కగారిని నింపాదిగా కూర్చోబెట్టి అడిగితే బహుశా ఇదే చెప్తారు.

ఆ కోపం ఎక్కడ పుడుతుందో నేను రోజూ చూసే పనిలోంచి చెప్తాను.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తాం. ముందు మెషీన్ మాట్లాడుతుంది. డాక్టరు ట్యాక్స్ ఐడీ, పేషెంటు మెంబర్ ఐడీ, పుట్టినతేదీ, వైద్యం జరిగిన తేదీ చెప్తాం. హోల్డ్ మ్యూజిక్. చాలాసేపటికి ఒక రెప్రెజెంటేటివ్ లైన్లోకొచ్చి మళ్ళీ అవే వివరాలు అడిగి, స్క్రీన్ మీదున్నది చదువుతుంది: మెడికల్లీ నెసెసరీ కాదు, అంటే వైద్యపరంగా అవసరం లేదు, కోడ్ సీఓ 50. ఎవరు నిర్ణయించారని అడిగితే మెడికల్ డైరెక్టర్ అంటుంది. ఏ గైడ్‌లైన్ ప్రకారమంటే ఫ్యాక్స్‌లో రిక్వెస్ట్ పెట్టమంటుంది. ఆమె తప్పేం లేదు, తనకీ స్క్రీన్ మీద అంతకంటే ఏమీ కనబడదు. కాల్ రెఫరెన్స్ నంబర్ రాసుకుని పెట్టేస్తాం. మాకిది ఉద్యోగం. ఇదే ఫోన్ కీమో మధ్యలో ఉన్న మనిషి స్వయంగా చేసుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

ఒక కేసు చెప్తాను, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఒక పెద్దాయన తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యింది. నడక నేర్పించే రిహాబ్ సెంటర్‌లో చేర్చారు. కొన్నాళ్ళకి ఇన్సూరెన్స్ వాళ్ళు "పేషెంటు ఇక ఇంటిదగ్గర కోలుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాసి కవరేజి ఆపేశారు. ఫైల్ తెరిస్తే, ఆ లెటర్‌కి ముందురోజే ఫిజియోథెరపిస్టు రాసిన నోట్స్ ఉంది: మంచం మీంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి, మెట్లు ఎక్కించడానికి ప్రయత్నించలేదు. ఆయన ఒంటరిగా రెండో అంతస్తులో ఉంటాడు. ఆ నోట్స్‌లో ఆ రెండు లైన్లకి గుర్తు పెట్టి, డాక్టరు లెటర్ జతచేసి అప్పీల్ పంపాం. నిర్ణయం మారింది, డబ్బు వచ్చింది. కానీ ఈలోపు వాళ్ళమ్మాయి క్రెడిట్ కార్డు మీద రిహాబ్‌కి కట్టుకుంటూ వచ్చింది. ఆమెకి ఆ వారాల్లో నిద్ర పట్టి ఉంటుందా? తర్వాత డబ్బు తిరిగిచ్చేసినంత మాత్రాన ఆ కోపం పోతుందా?

ఇలాంటిది ఒక్క కంపెనీలోనో, ఒక్క ఫైల్‌లోనో జరిగేది కాదు. 2024 అక్టోబర్‌లో, అంటే హత్యకి రెండు నెలల ముందే, అమెరికా సెనేట్ సబ్‌కమిటీ ఒక రిపోర్టు ఇచ్చింది. వృద్ధులకిచ్చే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో, ఆస్పత్రి నుంచి వచ్చాక ఇచ్చే వైద్యానికి యునైటెడ్‌హెల్త్‌కేర్ నిరాకరణలు 2020లో 10.9 శాతం ఉంటే 2022కి 22.7 శాతం అయ్యాయని అందులో ఉంది. అంతకుముందు 2023లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ సిగ్నా అనే ఇంకో ఇన్సూరెన్స్ కంపెనీ గురించి రాసింది: కంప్యూటర్ పక్కనపెట్టిన క్లెయిముల మీద అక్కడి డాక్టర్లు రెండు నెలల్లో మూడు లక్షలకి పైగా కాదని సంతకం పెట్టారు, ఒక్కోదాని మీద గడిపింది సగటున 1.2 సెకన్లు. కంపెనీ ఈ కథనాన్ని తప్పుపట్టింది. కానీ మా పనిలో ఉన్నవాళ్ళెవరూ ఆ అంకె చూసి ఉలిక్కిపడలేదు. పేషెంటు చార్ట్ తెరిచి చదివినవాళ్ళు రాసే డినయల్ ఎలా ఉంటుందో, చదవనివాళ్ళు రాసేది ఎలా ఉంటుందో మాకు భాషలోనే తెలిసిపోతుంది.

ఇంకో రెండు లెక్కలు. హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా కొన్న ప్లాన్లలో 2023లో నెట్‌వర్క్ లోపలి క్లెయిములే, అంటే కంపెనీతో ఒప్పందమున్న డాక్టర్లు, ఆస్పత్రులు పంపినవే, 19 శాతం తిరస్కరించారని కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ తేల్చింది. అలా తిరస్కరించినవాటిలో అప్పీల్ చేసింది ఒక్క శాతం కూడా లేదు. చేసినవాటిలో 56 శాతం కేసుల్లో కంపెనీ తన మాటమీదే నిలబడింది. అంటే మిగతా 44 శాతంలో వెనక్కి తగ్గింది. నాకు మొత్తం ఈ వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించే అంకె ఆ ఒక్క శాతం. జబ్బుపడ్డ మనిషికి పోట్లాడే ఓపిక ఉండదు. ఆ ఓపిక లేకపోవడం మీదే డబ్బు మిగులుతోంది. అందరూ అప్పీల్ చేస్తే ఈ పద్ధతి ఇలాగే నడవదు.

ఇంత చెప్పాక రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. అమెరికాలో వైద్యం అంత ఖరీదవడానికి ఇన్సూరెన్స్ కంపెనీలు ఒక్కటే కారణం కాదు. ఒబామా హయాంలో వచ్చిన చట్టం ప్రకారం వాళ్ళు ప్రీమియంలో 80 నుంచి 85 శాతం వైద్యానికే ఖర్చుపెట్టాలి. స్కాన్‌కి, మందుకి, ఆపరేషన్ థియేటర్‌కి ఆస్పత్రులూ మందుల కంపెనీలూ వేసే రేట్లు అక్కడ ప్రపంచంలో ఎక్కడా లేనంత ఎక్కువ. ఆ బిల్లులు వేసేవైపు పనిచేస్తున్నాను కాబట్టి ఈ మాట నేను చెప్పగలను. అవసరం లేని టెస్టులు రాసే డాక్టర్లూ ఉన్నారు. ఎవరో ఒకరు "ఇది అవసరమా" అని అడగాల్సిందే. కానీ రోగి కంటికి కనబడేది ఆస్పత్రి రేట్ల పట్టిక కాదు, ఇన్సూరెన్స్ పేరుతో ఇంటికొచ్చే లెటర్. కోపమంతా అటే పోతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకిచ్చే ప్లాన్లు ఎక్కువగా సెల్ఫ్ ఫండెడ్. అంటే కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉంటుంది, క్లెయిములు వాళ్ళే చూస్తారు, కట్టే డబ్బు మాత్రం ఉద్యోగమిచ్చిన కంపెనీది. ఏది కవర్ చెయ్యాలో రాసుకున్నదీ ఉద్యోగమిచ్చినవాళ్ళే. మీ అక్కగారు ఐటీలో ఉంటే వాళ్ళది కూడా ఇలాంటి ప్లానే అయ్యే అవకాశం ఎక్కువ.

మరి హత్య వల్ల ఏమైనా మారిందా? ఈ ప్రశ్న నన్ను కొలీగ్స్ కూడా అడిగారు. మారిందనేవాళ్ళు ఒక ఉదాహరణ చెప్తారు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే సమయానికి పరిమితి పెట్టి, అంతకు మించితే డబ్బివ్వనని ఆంథెమ్ బ్లూక్రాస్ అనే మరో ఇన్సూరెన్స్ కంపెనీ ఒక పాలసీ ప్రకటించింది. హత్య జరిగిన మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ ఆ పాలసీ మీద మత్తు డాక్టర్ల సంఘం నవంబర్ నుంచే గొడవ చేస్తోంది, కనెక్టికట్, న్యూయార్క్ రాష్ట్రాల నాయకులూ దిగారు. తుపాకీ మోగకపోయినా ఆ పాలసీ నిలిచేది కాదని నా నమ్మకం. యునైటెడ్‌హెల్త్ గ్రూప్ అప్పటి అధిపతి ఆండ్రూ విట్టీ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, వ్యవస్థ సరిగ్గా లేదని జనానికున్న అసహనం తమకి అర్థమవుతోందన్నాడు. కానీ మా వర్క్ క్యూలో సీఓ 50లు తగ్గలేదు. కంపెనీలు మాత్రం పెద్ద అధికారుల ఫోటోలు వెబ్‌సైట్లలోంచి తీసేశాయి, సెక్యూరిటీ పెంచుకున్నాయి. ఇప్పటికే పేరు చెప్పకుండా కాదనే వ్యవస్థ ఇంకాస్త మొహం దాచుకుంది.

ఆ కోపం చివరికి ఎవరిమీద పడిందో చూడండి. అరెస్టుకి దారితీసిన ఫోన్ చేసింది ఆల్టూనా మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేసే ఉద్యోగి. ఆ రెస్టారెంట్ మీద ఆన్‌లైన్‌లో తిట్లు కురిశాయి. గంటకింత అని జీతం తీసుకునే మనిషి, తనకి అనుమానం వస్తే పోలీసులకి చెప్పడం నేరమైపోయింది. ఫ్లోరిడాలో ఒక మహిళ క్లెయిమ్ కాదన్నారన్న ఆవేశంలో ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్‌లో ఆ తూటాల మీది మాటలే అని, "తర్వాత మీరే" అంది. పోలీసులొచ్చి అరెస్టు చేశారు. ఆమె కోపగించుకున్నది ఎవరి మీద? లైన్ అవతల హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న ఒక కాల్ సెంటర్ ఉద్యోగి మీద. ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళతోనే నేను రోజూ మాట్లాడతాను. అందుకే ఈ హత్యని వీరోచితమైన పనిగా ఎవరైనా పొగుడుతుంటే నా వల్ల కాదు. పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షపీరో అరెస్టు రోజునే "అతను హీరో కాదు" అన్నాడు, అసలైన హీరో పోలీసులకి ఫోన్ చేసిన మనిషే అన్నాడు. నాది కూడా అదే మాట.

"అమెరికన్లు ఎలా సంబరపడ్డారు" అని ఆశ్చర్యపోయే ముందు మనం ఒకటి గుర్తు తెచ్చుకోవాలి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే, మన జనం అక్కడికెళ్ళి పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని రిపోర్టు ఇచ్చింది. రెండు సంఘటనలూ ఒకటి కావు, చనిపోయినవాళ్ళూ ఒకలాంటివాళ్ళు కారు. కానీ కోర్టు తేల్చేలోపు మా ఓపిక చచ్చిపోతుందన్న జనం మాట రెండు చోట్లా ఉంది. ఫిర్యాదు చేస్తే వినేవాడున్నాడని నమ్మకం పోయిన చోట చావుకి చప్పట్లు పడతాయి. ఆ నమ్మకం ఎందుకు పోయిందో చూడకుండా చప్పట్లు కొట్టినవాళ్ళని తిడితే సరిపోదు. అలాగని మనమూ చప్పట్లు కొట్టక్కర్లేదు.

చివరగా, మీ అక్కగారికి నిజంగా ఏదైనా క్లెయిమ్ ఆగిపోయి ఉంటే చెయ్యాల్సినవి. ఇవి నా పనిలో ఫలితం చూసినవే.

డినయల్ లెటర్ పారెయ్యొద్దు. అందులో కారణం, గడువు ఉంటాయి. సాధారణంగా కంపెనీ లోపలి అప్పీల్‌కి 180 రోజులు టైముంటుంది. అత్యవసర వైద్యమైతే 72 గంటల్లో తేల్చమని అడగొచ్చు.

కారణం "ప్రయర్ ఆథరైజేషన్ లేదు", అంటే ముందస్తు అనుమతి తీసుకోలేదు అయితే అది చాలాసార్లు డాక్టరు ఆఫీసు వైపు కాగితాల పొరపాటే, ముందు వాళ్ళకే ఫోన్ చెయ్యండి. కోడ్ తప్పు పడితే క్లెయిమ్ సరిచేసి మళ్ళీ పంపితే చాలు, అప్పీల్ కూడా అక్కర్లేదు. "మెడికల్లీ నెసెసరీ కాదు" అయితే డాక్టరుని పీర్ టు పీర్ అడగమనండి, అంటే ఇన్సూరెన్స్ డాక్టరుతో ఈ డాక్టరు నేరుగా ఫోన్లో మాట్లాడటం. నా అనుభవంలో ఇది పనిచేసినంతగా ఇంకేదీ పనిచెయ్యదు. ఏ గైడ్‌లైన్ ప్రకారం కాదన్నారో కాపీ ఉచితంగా అడిగి తీసుకునే హక్కు ఉంది, అది తీసుకుని అందులోని ఒక్కో షరతుకి చార్ట్‌లోంచి ఒక్కో ఆధారం చూపించాలి. "మాకు చాలా అన్యాయం జరిగింది" అని పేజీలు రాస్తే ఎవరూ చదవరు.

లోపలి అప్పీల్ ఓడిపోతే, కారణం వైద్యానికి సంబంధించినదైతే నాలుగు నెలల్లోపు ఎక్స్‌టర్నల్ రివ్యూ అడగొచ్చు. కంపెనీతో సంబంధం లేని డాక్టరు చూస్తారు, ఆయన మాటకి కంపెనీ కట్టుబడాలి. దీని సంగతి అక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్న మనవాళ్ళకి కూడా తెలియదు. సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అయితే హెచ్ఆర్‌లో బెనిఫిట్స్ చూసేవాళ్ళకి మెయిల్ పెట్టాలి. డబ్బు వాళ్ళది కాబట్టి వాళ్ళు కలగజేసుకుంటే కదలిక వస్తుంది.

అమ్మానాన్నలు వెళ్ళినప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌కి ఈ రక్షణలు చాలావరకు వర్తించవు. బీపీ, షుగర్ ముందే ఉంటే, ఉన్నట్టుండి ముదిరినప్పుడు మాత్రమే కవర్ అనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. కొనేముందు ఆ పేరా ఒక్కటైనా చదవమని చెప్పండి.

లెటర్ చేతిలో ఉంటే పేరు, మెంబర్ ఐడీ లేకుండా రీజన్ కోడ్, దాని కింద రాసిన వాక్యం ఇక్కడ కామెంట్లో రాయండి. ఏ దారిలో వెళ్ళాలో చెప్తాను.